మూడో పలక, అయిదో వరుస

గైడమ్మ ఇరవై రెండేళ్ళుగా వెనక్కి నడుస్తోంది. వినేవాళ్ళకి నవ్వొస్తుంది గానీ ఆ ఉద్యోగంలో మొదటి పాఠం అదే. జనానికి వీపు చూపించిన గైడు పని అయిపోయినట్టే. తిరిగి చూసేసరికి సగంమంది ఐస్‌క్రీం బండి దగ్గర తేలతారు. అందుకని ముఖం జనం వైపు, వీపు విగ్రహం వైపు పెట్టాలి. ఒక చేత్తో చిన్న ఆకుపచ్చ జెండా ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో వెనకనున్నదాన్ని చూడకుండానే చూపించాలి. రేవు పొడుగునా ఎక్కడ మెట్టుందో, ఎక్కడ రాయి లేచిందో ఆమె మడమలకి తెలుసు.

రేవు వెంట ఆరు స్మారకాలున్నాయి. గుర్రమెక్కిన సేనాపతి, పడుకోబెట్టిన రెండు ఫిరంగులు, ఇంటంత లంగరు, సిమెంటు దిమ్మల మీదకి ఎక్కించిన పాత జలాంతర్గామి, పేరు తెలియని సైనికుడి సమాధి, చివరగా సముద్రానికి ఎదురుగా పేర్ల గోడ. ఆరింటికీ నాలుగు గంటలు. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత. ఎక్కడ జనాన్ని నవ్వించాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో మొదట్లో ఆమె కంఠతా పట్టింది. ఇప్పుడు అదంతా మోకాళ్ళకి కూడా వచ్చేసింది. సేనాపతి దగ్గర ఎడమ మోకాలు పీకుతుంది. జలాంతర్గామి నిచ్చెన దగ్గర కుడిది. యాభై నాలుగేళ్ళ మనిషికి రోజుకి రెండుసార్లు యుద్ధానికి వెళ్ళి రావడమంటే మాటలు కాదు.

జీతం ఇచ్చే పర్యాటక కార్యాలయంలో కొత్తగా వచ్చిన అధికారి ఆమెని చూసి, ఇన్నేళ్ళుగా అదే చెబుతుంటే విసుగు రాదా అని అడిగాడు. వస్తుందండీ, కానీ వాళ్ళకి అది మొదటిసారి కదా అంది గైడమ్మ. ఆ జవాబు కూడా ఇరవై రెండేళ్ళ పాతదే. ఆయన దాన్ని మెచ్చుకుని పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ రోజు పొద్దుటి విడతలో పదకొండు మంది వచ్చారు. అందులో ఇద్దరు అత్తా కోడళ్ళు. అత్తగారికి డెబ్భై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, చేతికర్ర, కాళ్ళకి కొత్త బూట్లు. ఆ బూట్లు ఆ కాళ్ళకి అలవాటైనవి కావని నడకలోనే తెలిసిపోతోంది. కోడలు యాభైకి దగ్గరలో ఉంది. భుజానికి పెద్ద సంచీ, ముఖం మీద రాత్రంతా రైల్లో కూర్చున్న అలసట. పెద్దావిడ ప్రతి స్మారకం దగ్గరా ఆగి ఒకే మాట అడిగింది. ఇదేనా? కాదు అని కోడలు చెప్పగానే ఇక దాని వైపు కన్నెత్తి చూడలేదు. సేనాపతి గుర్రం ఎంత గొప్పదో గైడమ్మ చెబుతుంటే ఆవిడ బూటు విప్పి మడమ చూసుకుంది.

లంగరు దగ్గర కోడలు గైడమ్మని పక్కకి పిలిచి సంగతి చెప్పింది. పేర్ల గోడ దగ్గర తలుపు వేసిన మనిషి కథ చెబుతారట కదా, ఆయన మా అత్తగారి తమ్ముడు. ఊళ్ళో ఎవరో ఇక్కడికి వచ్చి, జనం వెనక దూరంనుంచే కథ విని వెళ్ళి, మీ తమ్ముడి పేరు రాతి మీద ఉంది, రోజూ వందమంది ముట్టుకుంటున్నారు, పూలు పెడుతున్నారు అని చెప్పారట. అప్పటినుంచీ ఇల్లు పీకి పందిరేస్తోందావిడ. మధ్యలో మోకాలి ఆపరేషను, మామగారి జబ్బు, ఒకటి కాదు. నాలుగేళ్ళకి ఇప్పటికి కుదిరింది.

“తల్లి పోతే వాణ్ణి పెంచింది ఈవిడేనండీ,” అంది కోడలు. “వాళ్ళ ఓడ మునిగినప్పుడు మనిషిని పైకి తేలేకపోయారు. ఇంతవరకూ ఒక పువ్వు పెట్టడానికి చోటంటూ లేదు. ఆ రాయి ఒక్కసారి ముట్టుకుంటే చాలట. ఆ తరవాత ఇంకెక్కడికీ తీసుకెళ్ళమని అడగనని నాకు మాటిచ్చారు.”

ఇరవై రెండేళ్ళలో గైడమ్మ తలుపు వేసిన మనిషి కథ కొన్ని వేలసార్లు చెప్పి ఉంటుంది. వినేవాళ్ళలో అతని తాలూకు మనిషి ఉండొచ్చన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. ఇంటివాళ్ళ ముందే ఇంటి సంగతి చెప్పాల్సి వచ్చినట్టయింది. గోడకి ముందున్న రెండు స్మారకాలూ ఆమె ఎలా చెప్పిందో ఆమెకే తెలియదు. జలాంతర్గామి పొడుగు ఇరవై అడుగులు తగ్గించి చెప్పిందని ఒకాయన చేతిలోని కరపత్రం చూసి సరిదిద్దాడు.

పేర్ల గోడ నల్లరాతి పలకలతో కట్టింది. ఒక్కో పలకా మనిషెత్తు. సముద్రపు గాలి నేరుగా వచ్చి కొడుతుంది. గోడకి ఎదురుగా ఒక బెంచీ ఉంది, దాని మీద ఎప్పుడూ ఒక పెద్దాయన ఉంటాడు. పొద్దున ఫ్లాస్కుతో వస్తాడు, మధ్యాహ్నం విడత అయ్యాక వెళ్తాడు. ఎవరితోనూ మాట్లాడడు. రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడని మాత్రం గైడమ్మకి తెలుసు. గాలి కోసం వస్తాడనుకుంది. ఈయనకి నా కథ నాకంటే బాగా వచ్చు అని జనంతో పరాచికం కూడా ఆడేది. ఆయన తల ఊపేవాడు.

గైడమ్మ గోడకి వీపు పెట్టి నిలబడి మొదలుపెట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట యుద్ధం ఇక పది రోజుల్లో అయిపోతుందనగా, ఈ రేవునుంచి బయల్దేరిన ఓడకి అడుగున దెబ్బ తగిలింది. పంపుల గదిలోకి నీళ్ళొచ్చాయి. ఆ గదికి ఇనుప తలుపు. అది వేస్తే నీళ్ళు ఆగుతాయి, పై మనుషులకి పడవలు దించుకునే వ్యవధి దొరుకుతుంది. కానీ బయటి పిడి వంగిపోయింది. తలుపు లోపలినుంచే వెయ్యాలి. లోపల ఉన్న మెకానిక్ తలుపు వేసుకున్నాడు. ఇరవై ముగ్గురు బతికారు.

రోజూ ఇక్కడ ఆమె మూడు క్షణాలు ఆగేది. ఇవాళ అంతకంటే ఎక్కువే ఆగింది, ఎందుకంటే పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

“ఆయన పేరు నేను చెప్పను,” అంది గైడమ్మ ఎప్పటిలాగే. “మూడో పలక, అయిదో వరుస. మీ వేలితో మీరే చదువుకోండి.”

ఇది ఆమెకి పని నేర్పిన పాత గైడు చెప్పిన కిటుకు. పేరు మన నోటితో చెబితే చెవిలోంచి పోతుంది, వేలితో ముట్టుకుంటే మనిషితో పాటు ఇంటికి వెళ్తుంది అనేవాడు. కిటుకులో ఇంకో సుఖం కూడా ఉంది. జనం వరుసగా వెళ్ళి రాయి ముట్టుకునే ఆ అయిదు నిమిషాలూ గైడుకి విశ్రాంతి. గైడమ్మ రోజూ ఆ సమయానికి పిట్టగోడ మీద కూర్చుని, సముద్రం వైపు తిరిగి, మోకాళ్ళు నొక్కుకుంటూ మంచినీళ్ళు తాగేది. ఇవాళ కూర్చోలేదు. పెద్దావిడ చెయ్యి పట్టుకుని, మిగతావాళ్ళని పక్కకి జరగమని, తనే రాతి దగ్గరికి తీసుకెళ్ళింది.

అయిదో వరుస దూరంనుంచే తెలుస్తోంది. వేల చేతులు తగిలి అక్కడ రాయి నున్నగా మెరుస్తోంది. కింద గట్టు మీద నిన్నటి పూలు, మొన్నటి పూలు. పెద్దావిడ కర్ర కోడలికిచ్చి రెండు చేతులూ రాతి మీద పెట్టింది. అక్షరాల వెంట వేలు మెల్లగా వెళ్ళింది. సగంలో ఆగింది. మళ్ళీ మొదటినుంచి వెళ్ళింది.

“ఇది మావాడు కాదు,” అంది.

కళ్ళద్దాలు పెట్టుకోండి అత్తయ్యా అంది కోడలు. పెట్టుకుంది. పెట్టుకున్నా కాదు. గైడమ్మ ఆ పేరు చదివింది. నిజం చెప్పాలంటే ఆ గోడ మీద ఏ పేరైనా చదివి పదకొండేళ్ళు దాటింది. అది ఎవరిదో ఆమెకి తెలియదు. గబగబా మొదటి పలక దగ్గరికి నడిచి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఒకటి, రెండు, మూడు. మూడోదే. అప్పుడు మొదటి పలక కేసి మళ్ళీ చూసింది. అది కొత్త రాయి.

పదకొండేళ్ళ కిందట తుఫానుకి గోడ దెబ్బతింటే పలకలన్నీ దించి, కడిగి, మళ్ళీ ఎక్కించారు. ఎక్కించేటప్పుడు ముందు మరిచిపోయిన ఇంకో పడవ వాళ్ళ పేర్లతో కొత్త పలక ఒకటి చెక్కించి మొట్టమొదట నిలబెట్టారు. ప్రారంభోత్సవానికి గైడమ్మ కూడా వెళ్ళింది, చప్పట్లు కూడా కొట్టింది. మర్నాటినుంచి మళ్ళీ గోడకి వీపు పెట్టి, మూడో పలక, అయిదో వరుస అంది. మూడోది నాలుగోది అయిందని వీపుకి ఏం తెలుస్తుంది?

నాలుగో పలక అయిదో వరుసలో అతని పేరుంది. అక్షరాల గుంటల్లో ఉప్పు పేరుకుని తెల్లగా ఉంది. మూలన నాచు పట్టింది. పదకొండేళ్ళలో దాని మీద చెయ్యి వేసినవాడు లేడు. పెద్దావిడ కొంగుతో తుడవబోయింది గానీ ఉప్పు రాలేదు. గోరుతో గీకింది. కోడలు సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి పోసింది. అత్తాకోడళ్ళిద్దరూ మాట లేకుండా ఆ పేరు కడుగుతుంటే గైడమ్మ ఆకుపచ్చ జెండా పట్టుకుని అలాగే నిలబడింది. సిగ్గుతో చితికిపోయింది. తప్పు పెద్దదా చిన్నదా అని కూడా ఆలోచించుకోలేకపోయింది.

“ఎన్నాళ్ళుగా?” అని అడిగింది పెద్దావిడ తిరగకుండానే.

పదకొండేళ్ళు అని చెప్పింది గైడమ్మ.

“నేను వచ్చుండకపోతే?”

పెద్దావిడ కోపంగా అరవలేదు, అరిస్తే బాగుండేది. అందరికీ ఇప్పుడే చెప్పమంది. గైడమ్మ జనాన్ని దగ్గరికి పిలిచి, తప్పు తనదేనని, మనిషి అతను కాదు ఇతనని చెప్పింది. ఎవరో అయ్యో అన్నారు. జలాంతర్గామి పొడుగు సరిదిద్దినాయన, పాపం మంచి ఉద్దేశంతోనే, మూడో పలక కిందున్న పూలు రెండు చేతులా తీసి నాలుగో పలక కిందకి చేర్చబోయాడు.

“ఆ పూలు అక్కడ పెట్టెయ్యండి.”

బెంచీ పెద్దాయన లేచి నిలబడి ఉన్నాడు. ఆయన గొంతు గైడమ్మ వినడం అదే మొదలు. ఆయన నిదానంగా నడిచి వచ్చి, పూలు ఆ మనిషి చేతుల్లోంచి తీసుకుని, మళ్ళీ మూడో పలక కింద పెట్టాడు.

“వీడు మా అబ్బాయి,” అన్నాడు అయిదో వరుస చూపించి.

గైడమ్మ జనాన్ని రేవు బయట ఆగి ఉన్న పర్యాటక బస్సు దగ్గరికి పంపించేసింది. ఆ పని ఆమెకి ఎంత అలసటలోనైనా చేతనవును. నలుగురే మిగిలారు. పెద్దావిడ బెంచీ మీద కూలబడింది. ఆయన ఆ చివర కూర్చున్నాడు.

మీకు ముందే తెలుసా అని గైడమ్మ అడిగింది. మొదట్లోనే తెలిసిందన్నాడు ఆయన. అంతకుముందు నెలకోసారి వచ్చేవాడు. పలకలు మార్చిన తరవాత వచ్చిన రోజున ముప్పై మంది వరుసలో నిలబడి తన కొడుకు పేరు ముట్టుకుంటున్నారు. ఇన్నాళ్ళకి మావాణ్ణి ఎవరో తలుచుకున్నారనుకున్నాడు. మర్నాడు దగ్గరికొచ్చి కథ విన్నాడు. తప్పని తెలిసింది. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు పదకొండేళ్ళయినా రాలేదు.

“మా తమ్ముడి పూలు మీరు ఉంచుకున్నారు అన్నయ్యగారూ,” అంది పెద్దావిడ. మర్యాద తప్పలేదు గానీ మాట గట్టిగానే ఉంది. “వాడు ఇరవై ముగ్గుర్ని బతికించాడు. వాడి పేరు మీద నాచు పట్టింది.”

“అవునమ్మా,” అన్నాడాయన. “అప్పట్లో సర్కారునుంచి మీకు వచ్చిన కాగితంలో ఆ గదిలో ఎంతమంది ఉన్నారని రాశారు?”

ఆవిడకి అర్థం కాలేదు.

“నాకు వచ్చిన కాగితంలో ఇద్దరని రాశారు,” అన్నాడాయన. “తలుపు లోపలినుంచి వేసుంది. లోపల ఇద్దరున్నారు. ఒకరు మీ తమ్ముడు. రెండోవాడు మావాడు. పందొమ్మిదేళ్ళు. ఓడెక్కి ఆరు వారాలు.”

కోడలు పెద్దావిడ భుజం మీద చెయ్యి వేసింది. గైడమ్మ ఇరవై రెండేళ్ళ కథలో ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు. పాత గైడు అలాగే చెప్పాడు, ఆమె అలాగే చెప్పింది, వినేవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇంకొకడున్నాడేమోనని ఎవరూ అడగలేదు.

“మీ తమ్ముడు గొప్ప పని చేశాడు, కాదనను,” అన్నాడాయన. “నేనూ రేవులో పనిచేసినవాణ్ణే, తలుపు వెయ్యకపోతే ఏమయ్యేదో తెలుసు. కానీ తలుపు వేస్తుంటే మావాడు ఏమన్నాడు? సరే అన్నాడా? వద్దన్నాడా? ఏడ్చాడా? ముప్పై ఒక్క ఏళ్ళుగా నాకు అదొక్కటే. వాళ్ళమ్మ ఇది తేలకుండానే పోయింది.” ఫ్లాస్కు మూత తిప్పి మళ్ళీ బిగించాడు. “ఇక్కడికొచ్చి కూర్చుంటే, ఈ అమ్మాయి కథ చెబుతుంది, జనం మావాడి పేరు మీద చెయ్యి వేస్తారు. ఆ కాసేపూ తలుపు వేసింది మావాడే. వాడే వేశాడంటే వాడికి ఇష్టమయ్యే వేసి ఉంటాడు కదమ్మా. వాడి మీద ఎవరూ వెయ్యలేదు కదా. అందుకని నోరు మూసుకుని విన్నాను. పూల కోసం కాదు.”

సముద్రం మీద ఏదో సరుకు పడవ కూత వేసింది. బస్సు డ్రైవరు దూరంనుంచి గడియారం చూపించాడు. గైడమ్మ అటు చూడలేదు. తనవల్లనే ఈ ఇద్దరూ ఈ బెంచీ మీద ఇలా కూర్చున్నారని ఆమెకి తెలుసు. క్షమించమందామంటే ఎవర్ని ఎందుకు అడగాలో కూడా తెలియలేదు.

పెద్దావిడ చాలాసేపు గోడ వైపే చూసింది. మూడో పలక, నాలుగో పలక. ఒకటి మెరుస్తోంది, ఒకటి తడిసి ఉంది. తరవాత ఆయన వైపు తిరిగింది.

“ఆ ఇరవై ముగ్గురూ ఎక్కడున్నారు అన్నయ్యగారూ? తలుపుకి ఇవతలే కదా?”

అవునన్నాడాయన.

“ఇవతల ఉన్నవాళ్ళకి తలుపు పడటం కనపడుతుంది గానీ లోపల ఏ చెయ్యి వేసిందో కనపడదు. మావాడు పెద్దవాడు, మెకానిక్కు, అందుకని వాడే వేశాడని రాసేశారు. మీవాడు వేసి ఉండచ్చు. ఇద్దరూ పట్టి వేసి ఉండచ్చు. అంత బరువు తలుపు ఒక్కడివల్ల అవుతుందా? రేవులో పనిచేశారు, మీరే చెప్పండి.”

“కష్టమే,” అన్నాడాయన మెల్లగా.

“మరి!” అని ఆవిడ గైడమ్మ వైపు తిరిగింది. “మధ్యాహ్నం వచ్చేవాళ్ళకి అలా చెప్పమ్మాయ్. ఇద్దరున్నారని చెప్పు. ఎవరు వేశారో తెలియదని చెప్పు.”

కోడలు తెల్లబోయి చూసింది. ఇన్నాళ్ళూ తమ్ముడే తమ్ముడే అని ఊరంతా చాటుకున్న మనిషి ఈవిడేనా అన్నట్టు చూసింది. పెద్దాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని తల వంచుకున్నాడు. ఏడుస్తున్నాడేమోనని గైడమ్మ చూపు తిప్పుకుంది.

బస్సు దాకా గైడమ్మే పెద్దావిణ్ణి నడిపించుకు వెళ్ళింది. ఈసారి పక్కనే నడిచింది. కోడలు ముందెక్కి సీటు చూస్తోంది. పెద్దావిడ మెట్టు మీద కాలు పెట్టి ఆగి, గైడమ్మ మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఉంటుందని గైడమ్మ అనుకోలేదు.

“తలుపు మావాడే వేశాడమ్మా,” అంది నెమ్మదిగా. “చిన్నప్పుడు ఇంట్లో నిప్పంటుకుంటే నన్ను బయటికి తోసి తలుపు మూసి ఆర్పిన మనిషి వాడు. పదేళ్ళప్పుడు. ఎవరినీ అడగడు. ఆ కుర్రాణ్ణి కూడా అడిగి ఉండడు.” కళ్ళు తుడుచుకుంది. “ఆయనకి చెప్పకు. నువ్వు మాత్రం నేను చెప్పినట్టే చెప్పు.”

బస్సు వెళ్ళాక గైడమ్మ గోడ దగ్గరికి వచ్చింది. ఆరోజు తిండి తినలేదు. మధ్యాహ్నం విడతకి పద్దెనిమిది మంది వచ్చారు. ఆ గదిలో ఇద్దరున్నారని చెప్పింది. తలుపు లోపలినుంచి పడిందని, ఎవరి చెయ్యో తెలియదని చెప్పింది. రెండు పేర్లూ తనే చదివి వినిపించింది. మధ్యలో తడబడితే, కొత్తగా చేరిందేమో పాపం అన్నాడు వెనకనున్న ఒకాయన పక్కావిడతో.

జనం వెళ్ళిపోయాక పెద్దాయన ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలో పోసి ఆమెకిచ్చాడు. అన్నేళ్ళలో అది మొదటిసారి. ఆమె బెంచీ మీద కూర్చుని తాగింది. టీ చల్లారిపోయింది, చక్కెర ఎక్కువైంది. మోకాళ్ళు రెండూ ఒక్కసారే పీకుతున్నాయి.

“ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పమ్మా,” అన్నాడాయన గోడ వైపు చూస్తూ. “నువ్వు జనం ముఖాలు చూసి బతికినదానివి. ఎవరు నమ్మి మాట్లాడుతున్నారో నీకు తెలిసిపోతుంది. ఆవిడ అన్న మాట, మావాడు కూడా చెయ్యి వేసి ఉంటాడని. నన్ను చూసి జాలితో అందా, నమ్మే అందా?”

గైడమ్మ మూతలో మిగిలిన టీ తాగేసింది.

“నమ్మే అందండీ,” అంది.